పడవలో సగం

కామమ్మ నోట్లో ఉన్నది రాచపుండని నెల్లూరు పెద్దాసుపత్రిలో చెప్పిన కబురు, ఆమే మొగుడూ ఇల్లు చేరకముందే కాలవగట్టు మీది పేటకు చేరింది. బస్సులో వాళ్ళ వెనక కూర్చున్న ఉప్పుకొఠారు మేస్త్రీ అల్లూరులో దిగి, అక్కడ పెట్టుకున్న సైకిలెక్కి ముందే వచ్చేశాడు.

అప్పటికి నూర్జాన్ కాలవ ఒడ్డున కూర్చుని కొబ్బరిపీచు దంచుతూ ఉంది. నానిన పీచును బండ మీద పరిచి కొయ్యసుత్తితో కొట్టడం, మెత్తబడిన దాన్ని వేళ్ళతో దువ్వి వేలెడు లావున పేట్లుగా పేనడం ఆమె పని. ఆ పక్కనే నీళ్ళలోంచి ఇసుకలోకి లాగి ఒరగబెట్టిన పడవ ఉంది. దాని కింద ఆమె మొగుడు అబ్దుల్ రజాక్ వెల్లకిలా పడుకుని, ఆ పేట్లను ఉలితో పలకల సందుల్లోకి కుక్కుతున్నాడు. సందులు పూడ్చి, పైన తారు పూస్తే పడవ మళ్ళీ ఏడాది పాటు నీళ్ళు తాగదు.

మేస్త్రీ గట్టు మీదే సైకిలాపి చెప్పి వెళ్ళిపోయాడు. ఉలి మీద సుత్తి దెబ్బ ఆగింది. నూర్జాన్ వంగి పడవ కిందకు చూసింది. రజాక్ కళ్ళు తెరిచే ఉన్నాడు, పలకల కేసి చూస్తున్నాడు. కాసేపటికి దెబ్బ మళ్ళీ మొదలయింది.

ఆ పడవలో సగం రజాకుది, సగం కామమ్మ మొగుడు మాల్యాద్రిది. ఇద్దరూ కలిసి కొన్నారు, కలిసే నడుపుతారు. జువ్వలదిన్నె వైపు తోపుల్లో కొట్టిన సరుగుడు కట్టెలను ఈ ఉప్పునీళ్ళ కాలవ మీద మద్రాసుకు చేరవెయ్యడం వాళ్ళ బతుకు. పోయేప్పుడు లోడు, వచ్చేప్పుడు దొరికితే దొరికినట్టు. రోడ్డు మీద లారీలు తిరగడం ఎక్కువయ్యాక పాత పడవలు చాలా ఎక్కడివక్కడ ఒడ్డునపడి ఎండిపోయాయి. ఇది మాత్రం ఇంకా రెండు కొంపలకు అన్నం పెడుతోంది.

పొద్దు వాలుతుండగా మాల్యాద్రి వచ్చాడు. నెల్లూరికి వేసుకుపోయిన తెల్లచొక్కాతోనే ఉన్నాడు. రజాక్ పడవ కిందనుంచి బయటికొచ్చి చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

“విన్నారు గదా,” అన్నాడు మాల్యాద్రి.

“ఏమన్నారన్నా?”

“మద్రాసు పొమ్మన్నారు. ఆడ దీనికని ఒక ఆసుపత్రి ఉండాదంట. కరెంటు పెడతారంట పుండుకి. ముదరలేదు, ఇప్పుడు పోతే మానే జబ్బేనన్నాడు డాక్టరు.”

“మానుతుందన్నాడు గదా. ఇంకేం?”

“రోజూ పెట్టాలంట. ఆరేడు వారాలు. బీదోళ్ళ దగ్గర కరెంటుకి డబ్బు తీసుకోరంట రజాకూ.” మాల్యాద్రి ఆగాడు. “కానీ అన్నాళ్ళూ ఆడనే ఉండాల. ఆడోళ్ళ వార్డులో రాత్రిళ్ళు మొగోళ్ళని ఉండనీరు. తోడు ఆడమనిషి కావాల. నేను బయట యాడనో పడుండాల. తినాల. పాలు కొనాల, మందులు కొన్ని బయట కొనాల. పని లేకుండా ముగ్గురు మనుషులం, మద్రాసులో.”

చెప్తూ చెప్తూ పడవ పక్కపలక మీద చెయ్యి వేశాడు. పలక పొడుగునా మెల్లగా రాశాడు, ఎద్దు వీపు నిమిరినట్టు. రజాక్ నేల చూస్తున్నాడు. నూర్జాన్ మాత్రం ఆ చెయ్యే చూసింది.

మర్నాడు పొద్దున నీళ్ళకు పోయే ముందు ఆమె మొగుణ్ణి అడిగింది.

“మాల్యాద్రన్న పడవ అమ్మేద్దామంటే నువ్వేం చెప్తావు?”

“అడగనీ.”

“అడిగితే?”

రజాక్ పందుంపుల్ల ఇంకో దవడకి మార్చుకున్నాడు. “అడిగితే ఏం చెప్తాను మే. అమ్మేద్దామనే చెప్తాను.”

“సగం పడవ ఎవరూ కొనరు. అమ్మితే మొత్తం అమ్మాల.”

“తెలుసు.”

“మళ్ళీ కొనే రాత మనకుండదు. మనం ఏం తినాల?”

అతను పుల్ల ఉమ్మేసి పడవ దగ్గరికి పోయాడు. లోపల కుక్కిమంచం మీద అత్త జమాల్‌బీ ఇదంతా వింటూ పడుకుని ఉంది. ఆమెకు చూపు పోయి చాలా కాలమయింది, చెవులు మాత్రం చురుకు. కోడలు బిందె తీసుకుని బయలుదేరింది.

మగవాళ్ళు ఈ మాట ఒకరితో ఒకరు అనుకోరని నూర్జాన్‌కు తెలుసు. ఒకడు అడగడు, ఇంకొకడు కాదనడు. నోరు విప్పేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి. కామమ్మక్కతోనే మాట్లాడాలనుకుంది. తప్పుగా ఏమీ అడగను, మా సంగతి కూడా కాస్త చూడక్కా అని మాత్రం అంటాను అనుకుంది. రాగిజావ పల్చగా కాచి, సత్తుగిన్నెలో పోసి, పైన ఆకు కప్పి తీసుకుపోయింది.

కామమ్మ పంచలో చేట ముందు పెట్టుకుని బియ్యం నూకలు చెరుగుతోంది. పొడుగు మనిషి. ఆమె గట్టు ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర కట్టెల అడితీలో వినపడేది. ఇప్పుడు ఎడమ దవడ వాచి, ఆ వైపు కన్ను చిన్నదిగా కనిపిస్తోంది. నూర్జాన్‌ను చూసి చేట పక్కకు జరిపింది.

“కూర్చో. ఏంది, జావా?” మాట పళ్ళ మధ్యనుంచి నలిగినట్టు వచ్చింది.

“వేడిగా లేదు లే అక్కా. చల్లార్చే తెచ్చినాను.”

కామమ్మ లోపలికి పోయి, పసిపిల్లలకు పాలు పట్టే ఉగ్గుగిన్నె తెచ్చుకుంది. జావ అందులోకి వంచుకుని తల కుడి భుజం మీదికి బాగా వాల్చింది. కుడి పెదవి మూలనుంచి కొంచెం కొంచెంగా పోసుకుని, ఎడమ దవడను అరచేత్తో అదిమి పట్టుకుని కళ్ళు మూసుకుంది. గొంతు కదిలేదాకా అలాగే ఉంది. మింగాక కంటి మూలనుంచి నీళ్ళు జారాయి.

“ఏడవడంలే లే,” అంది కామమ్మ. “మింగితే అదే కారతాది.”

మళ్ళీ తల వాల్చింది. నూర్జాన్ తను అనాలనుకున్న మాట కోసం చూసుకుంది. మేక ఈనిందా అని అడిగింది. కట్టెల లోడు ఎప్పుడో ఇంకా తెలియలేదంది. జావ ఇంకా సగం కూడా తగ్గలేదు.

కామమ్మ గిన్నె కింద పెట్టి పమిట చెంగుతో గడ్డం తుడుచుకుంది.

“పడవ సంగతి అడగడానికొచ్చినావు.”

నూర్జాన్ గిన్నె మీది ఆకు తీసి మడతపెట్టింది.

“అమ్మనీను. రాత్రే చెప్పేసినాను మీ అన్నకి. నేను మద్రాసు పోను. బిడ్డా పాపా నాకు? ఎవరికోసం నాకా కరెంటు? ఉన్నన్నాళ్ళు ఉంటా. ఒక మనిషి నోరు బాగు చేసేదానికి రెండు కొంపల్లో పొయ్యి ఆర్పుకుంటారా ఎవరైనా?”

అంత పొడుగున మాట్లాడేసరికి నొప్పి పుట్టినట్టుంది, దవడ పట్టుకుంది. కానీ చూపు నూర్జాన్ మీదినుంచి తియ్యలేదు. ఏదో వినడానికి ఆగినట్టు చూస్తూనే ఉంది.

నూర్జాన్ చేటలో నూకల కేసి చూసింది. “నీ ఇష్టం అక్కా,” అంది.

కామమ్మ ఇంకాసేపు చూసి, చేట మళ్ళీ ముందుకు లాక్కుంది.

ఇంటికి వస్తుంటే నూర్జాన్ నడక తేలిగ్గానే ఉంది. అడగకుండానే పని అయిపోయింది. ఇంటి ముందు చెప్పులు విడిచేటప్పుడు గుర్తొచ్చింది, సత్తుగిన్నె అక్కడే మర్చిపోయానని. వెనక్కి పోయి తెచ్చుకోవడానికి కాళ్ళు రాలేదు.

కామమ్మ మద్రాసు పోనన్న సంగతి ఆ పూటకే పేటంతా తెలిసింది. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఆమెను మెచ్చుకున్నారు. ఇల్లాలంటే అట్లుండాలన్నారు. అదే మొగోడికొచ్చి ఉంటే ఈపాటికి పుస్తెలు కూడా అమ్మించి మద్రాసు పోయుండేవాడని ఒకామె అంటే అందరూ నవ్వారు. నూర్జాన్ నవ్వలేదు. బిందె నిండకముందే ఎత్తుకుంది.

మర్నాడు మాల్యాద్రి పనిలోకి వచ్చాడు. పొయ్యి మీద తారు కాగుతోంది. రజాక్ పీచు కుక్కడం పూర్తి చేసి ముక్కుపలకలు చూస్తున్నాడు. మాల్యాద్రి గుడ్డచుట్టిన కర్రను తారులో ముంచి పూయడం మొదలుపెట్టాడు. నూర్జాన్ పొయ్యి కింద చిదుగులు ఎగదోస్తూ చూస్తోంది. పూసిన పలకే మళ్ళీ పూశాడు. మళ్ళీ ముంచి, అదే పలక.

రజాక్ వచ్చి మెల్లగా అతని చేతిలో కర్ర తీసుకున్నాడు. “కూర్చో అన్నా.”

మాల్యాద్రి ఇసుకలో కూర్చున్నాడు. తారైన వేళ్ళను ఇసుకతో రుద్దుకుంటూ అన్నాడు, “పోనంటాది.”

“విన్నాను.”

“నేను ఒకమాటు అడిగినాను. పోనంటే ఊరుకున్నాను. బలవంతం చెయ్యాల గదా, చెయ్యలేదు. నోరు రాలేదు. పోనని అనంగానే నాకు...” ఆగాడు. “గుండెల మీదినించి మూట దించినట్టుండింది రజాకూ. పెళ్ళాం చస్తానంటే అట్లుంటాదా మనిషికి?”

రజాక్ తారుకర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఏమనాలో తెలియనప్పుడు అతను ఎప్పుడూ పని చేస్తాడు. ఈసారి పని కూడా చెయ్యలేకపోయాడు.

నూర్జాన్ లేచి ఇంటికి వచ్చేసింది. తనకూ నిన్న అట్లానే ఉండిందని ఆ మనిషికి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

ఇంట్లో అత్తకు అన్నం పెట్టి, తను కంచం ముందు కూర్చుంది. చేపల పులుసన్నం. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగింది. ఎప్పుడూ ఎంత సులువుగా దిగుతుందో అంత సులువుగా దిగింది. కంచం పక్కకు నెట్టింది. చెంబు ఎత్తి తల కుడి భుజం మీదికి వాల్చి, పెదవి మూలనుంచి నీళ్ళు పోసుకుని చూసింది. సగం మెడమీదుగా రవికలోకి కారాయి.

“ఏంది ఆ చప్పుడు?” అంది జమాల్‌బీ.

“ఏం లేదత్తా. కామమ్మక్క ఎట్లా తాగతాదో చూస్తాండాను.”

“ఎట్లా తాగతాది?”

నూర్జాన్ చెప్పింది. ఉగ్గుగిన్నె సంగతి, దవడ పట్టుకునే సంగతి, కంటినీళ్ళ సంగతి. తను ఎందుకు పోయిందో, ఏమని వచ్చిందో కూడా చెప్పింది. ముసలామె వేళ్ళు కంచంలో కదలకుండా ఉన్నాయి.

“ఆడ కావాల్సింది ఏందంట?” అని అడిగింది చివరికి. “కరెంటుకి డబ్బు అక్కర్లేదన్నావు గదా.”

“ఆడమనిషి తోడు కావాల. కామమ్మక్కకి చెల్లెలొకతి ఉండాది కావలిలో, నెలలు నిండినాయంట. కూలికి ఎవరినన్నా పెట్టుకోవాల. మాల్యాద్రన్న కూడా ఆడనే ఉంటే పడవ ఆగిపోతాది, ఇంక రాబడి ఏముంటాది. అందుకనే అమ్మడం.”

“ఆడమనిషి ఉంటే?”

“ఉంటే మాల్యాద్రన్న పడవలోనే ఉండొచ్చు. పడవ నడస్తాది. మద్రాసుకే గదా పోయేది...”

అక్కడ ఆగిపోయింది నూర్జాన్. తను అంటున్న మాట తనకే అప్పుడు వినపడింది.

జమాల్‌బీ కంచం తడుముకుని దగ్గరకు లాక్కుంది. “నాకు కళ్ళు లేవు గానీ చేతులున్నాయి. గంజి కాచుకుంటా. నువ్వు పీచు దంచే డబ్బులు రావు, అంతే గదా. ఉప్పేసుకుని తాగుతాం.”

నూర్జాన్ చెయ్యి కడుక్కోకుండానే లేచింది.

ఇద్దరు మగవాళ్ళూ పడవ నీడలో కూర్చుని ఉన్నారు. ఆమె వాళ్ళ ముందు నిలబడి చెప్పింది. “లోడు వెయ్యండి. కామమ్మక్క పడవలోనే మద్రాసు పోతాది. వార్డులో నేనుంటా. మీరు పడవ ఆపొద్దు. లోడు తెచ్చినప్పుడల్లా బియ్యమో నూకలో తెచ్చి ఇచ్చిపోండి. ఇంక అమ్మే మాట లేదు.”

రజాక్ ఆమె కేసి చూశాడు. “ఇంట్లో అమ్మ సంగతి?”

“తనే గంజి కాచుకుంటానంది.”

“అన్ని వారాలు, ఊరుగాని ఊళ్ళో... నీకు అరవం కూడా రాదు.”

“మద్రాసులో మనోళ్ళు లేరా.”

మాల్యాద్రి తల ఎత్తలేదు. “నువ్వెందుకమ్మా ఇదంతా,” అన్నాడు.

“పడవ మిగలాల గదన్నా,” అంది నూర్జాన్. “అది కూడా ఉండాది. అందుకు కాదని అనను.”

కామమ్మ మొదట ఒప్పుకోలేదు. “ఎవరు చెప్పమన్నారు నిన్ను?” అంది.

“ఎవరూ చెప్పమనలే.”

“ముసలామెను ఒంటిగా పెట్టి వస్తావా? రేపు నాకు నయం కాకపోతే? నీ కష్టం, వాళ్ళ కష్టం, అంతా ఏట్లో పోసినట్టే గదా.”

“కాకపోతే చూద్దాం లే. మూట కట్టుకో.”

కామమ్మ మళ్ళీ ఏదో అనబోయి, గూట్లోకి చూసింది. నెల్లూరికి తీసుకుపోయిన మూట ఆ గూట్లోనే ఉంది. రెండు కోకలు, దువ్వెన, దుప్పటి. వచ్చినరోజు ఎట్లా పెట్టిందో అట్లానే ఉంది, ముడి విప్పలేదు. నూర్జాన్ కూడా దాన్ని చూసింది. ఇద్దరూ దాని గురించి మాట్లాడలేదు.

కట్టెల షావుకారు చెంచురామయ్య దగ్గరికి రజాక్, మాల్యాద్రి కలిసి పోయారు. రాబోయే లోడ్ల కిరాయిలో కొంత ముందుగా ఇమ్మని అడిగారు. షావుకారు చెడ్డవాడేం కాదు. కామమ్మ సంగతి విని అయ్యో అన్నాడు, అడిగిందాంట్లో సగం చేతిలో పెట్టాడు. లారీవాళ్ళు కిరాయి తగ్గించారని, వచ్చే నెల తను కూడా తగ్గించక తప్పదని అప్పుడే చెప్పాడు. తిరిగి వస్తూ ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. గాలి లేనప్పుడు గట్టుమీదినుంచి తాడు లాగడానికి ఇద్దరు కూలీలను పెట్టుకునేవాళ్ళు. ఈ ఆరేడు వారాలూ కూలీలు వద్దు, తామే లాగుదామనుకున్నారు. రజాకుకు నలభై దాటాయి. మాల్యాద్రి ఇంకా పెద్ద.

లోడు ఎక్కించిన మర్నాడు పడవ కదిలింది. కట్టెల మీద ఒకచోట తాటాకులు వంచి కట్టి, కింద గడ్డిపరిచి కామమ్మకు చోటు చేశారు. మొదటి రోజు ఉత్తరపుగాలి తోడుండి తెరచాప నిండింది. కృష్ణపట్నం దాటాక గాలి పడిపోయింది. మగవాళ్ళిద్దరూ గట్టుమీదికి దిగి తాడు భుజాన వేసుకున్నారు. నూర్జాన్‌కు చుక్కాని పట్టుకోవడం నేర్పారు. గట్టు వైపు ముక్కు తిరగకుండా చూసుకుంటే చాలన్నాడు రజాక్.

కట్టెలతో నిండిన పడవ బరువుగా కదులుతోంది. గట్టుమీద ఇద్దరూ నడుములు వంచి, ఒకరి వెనక ఒకరు అడుగులేస్తున్నారు. రజాక్ భుజం మీద తాడు కింద పెట్టుకున్న తువ్వాలు జారుతోంది. మాటిమాటికి సర్దుకుంటున్నాడు. రెండువైపులా ఉప్పుమళ్ళు. ముందు లాకు ఉంది, పొద్దుగూకితే దాని తలుపులు మూసేస్తారు. దూరాన సముద్రం చప్పుడు వినపడుతోంది గానీ కనపడ్డం లేదు.

మధ్యాహ్నం నూర్జాన్ చుక్కాని పిడిని మోకాలితో ఆపి, ఒక చేత్తో కామమ్మకు నూకల జావ పోసింది. ఇప్పుడామెకు అలవాటయింది, తల ఎంత వాల్చాలో, ఎంత పోసి ఆగాలో. మింగేదాకా ఆ దవడను తనే అరచేత్తో పట్టుకుంది. చర్మం కాలుతోంది.

తాగాక కామమ్మ కట్టెలకు ఆనుకుని చాలాసేపు నీళ్ళ కేసి చూసింది.

“ఆ రోజు జావ తెచ్చినావు చూడు,” అంది.

“ఊ.”

“పడవ అమ్మనీను, నేను పోను అన్నాను గదా. కాదక్కా, నువ్వు పో, పడవ అమ్మితే అమ్మనీ అంటావని చూసినాను. ఊరికే మాటకైనా అంటావని.”

నూర్జాన్ చుక్కాని గట్టిగా పట్టుకుంది. “అనలేదు నేను.”

“అనలేదు. మీ అన్న కూడా అనలేదు. ఎవరూ అనలేదు. నీళ్ళ కాడ అంతా నన్ను బంగారం అన్నారంట.” ఉమ్ము మింగడానికి ఆగింది. “మంచం మీద పడుకుని అదే వినుకుంటా ఉండినాను.”

“కోపమొచ్చిందా నామీద?”

“వచ్చింది. చానా వచ్చింది. నువ్విచ్చిన గిన్నె కాలవలో గిరాటేసినాను.”

నూర్జాన్ ఆమె కేసి తిరిగింది. కామమ్మ నవ్వడానికి చూస్తోంది. వాచిన దవడ సాగక నవ్వు ఒక పక్కే వచ్చింది. తర్వాత అది కూడా పోయింది. ఈసారి ఏమీ మింగలేదు, అయినా కంట్లో నీళ్ళొచ్చాయి.

“నాకు చావాలని లేదు నూర్జానూ,” అంది. “ఎవరితోనూ చెప్పలేదు. బిడ్డలు లేకపోతే ఏం. నాకు బతకాలనే ఉండాది.”

నూర్జాన్ చుక్కాని వదలకుండా, రెండో చేత్తో ఆమె పాదం పట్టుకుంది. పడవ ముక్కు కొంచెం గట్టు వైపు తిరిగింది.

గట్టుమీద మాల్యాద్రి తాడు సడలడం చూసి ఆగాడు. వెనక్కి తిరిగి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని అడిగాడు, “ఏమయింది? ఏమంటాది ఆమె?”

నూర్జాన్ కామమ్మను చూసింది.

కామమ్మ చెంగుతో మొహం తుడుచుకుంది. తాటాకు పట్టుకుని లేచి మోకాళ్ళమీద నిలబడింది. ఎడమ దవడను అరచేత్తో అదిమి పట్టుకుని, కట్టెల అడితీకి వినపడేలా పిలిచిన రోజుల్లోని గొంతు కోసం ఒక్క క్షణం వెతుక్కుని, ఉన్నంత బలంతో అరిచింది.

“నిలబడినారేంది ఇద్దరూ? పొద్దుండంగానే లాకు దాటాల. బిరాన లాగండి.”

మాల్యాద్రి అలాగే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ముందుకు తిరిగి, తాడు భుజంమీద సర్దుకుని, రజాక్ కంటే ముందు వంగాడు.